పెద్దమ్మ వెబ్‌సైటూ పిన్ని వెబ్‌సైటూ

వెబ్‌సైట్లు చేసేవాళ్ళకు నరసరావుపేటలో పని కరువు లేదు. ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, విత్తనాల కొట్లు, కల్యాణ మండపాలు, అందరికీ ఒక వెబ్‌సైటు కావాలి. అందులో ఏముండాలో మాత్రం ఎవరికీ తెలియదు. "ముందు మా నాన్నగారి ఫొటో పెట్టమ్మా, మిగతాది తర్వాత చూద్దాం" అంటారు. నాన్నగారి పక్కన బాబాయి, బాబాయి కింద బావమరుదులు, వయసు వరసలో. ఒక్క బావమరిది ఫొటో తప్పినా ఆ ఇంట్లో నెల రోజులు మాటలుండవు. వాళ్ళ మనసులో ఉన్నది తిరునాళ్ళకు కట్టే ఫ్లెక్సీ. దాన్నే ఫోనులోకి ఎక్కించమని నా దగ్గరికి వస్తారు.

హైదరాబాదులో కొన్నేళ్ళు ఒక కంపెనీలో ఇదే పని చేసి, ఇంటి నుంచి చేసుకోవచ్చు అన్నప్పుడు ఊరికి వచ్చాను. తర్వాత రమ్మన్నారు గానీ వెళ్ళబుద్ధి కాలేదు. పల్నాడు రోడ్డులో ఒక హోటల్ మేడ మీద గది అద్దెకు తీసుకుని సొంతంగా మొదలుపెట్టాను. ఆ గదికి ఉన్న సౌకర్యం ఏమిటంటే, పదకొండు కొట్టేసరికి కింద నుంచి తాలింపు వాసన వస్తుంది. ఇబ్బంది కూడా అదే. ఆ వాసన వచ్చాక నేను చేసిన పనిలో తప్పులు వెతకడం మీ వల్ల కాదు, అన్నీ తప్పులే.

కింద హోటల్ నడిపే ఆవిడను నేను పెద్దమ్మ అంటాను. బంధుత్వం ఏమీ లేదు, ఆ రోడ్డులో సగం మంది అలాగే పిలుస్తారు. రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, ఏసీ రెస్టారెంటు ఉంది. దాన్ని నడిపేది పెద్దమ్మకు తోడికోడలు, అంటే మరిది భార్య. ఆవిడ నాకు పిన్ని. ఒకప్పుడు ఇద్దరూ కలిసి ఒక అద్దె వరండాలో కాలేజీ పిల్లలకు మెస్సు పెట్టి, మెస్సును హోటల్ చేసి, హోటల్‌కు పేరు తెచ్చి, ఆ పేరు బాగా వచ్చాక విడిపోయారు. విడిపోవడానికి కారణం ఆస్తి కాదు, ఫ్రైడ్ రైస్. అది పెడితేనే కుర్రాళ్ళు వస్తారని పిన్ని అంది. "నా పొయ్యి మీద నూడుల్సు ఉడకవు" అని పెద్దమ్మ అంది. అంతే, పిన్ని రోడ్డు దాటింది. అప్పటి నుంచి మాటల్లేవు. పెళ్ళిళ్ళలో కూడా ఒకరు మొదటి బంతిలో తింటే ఇంకొకరు రెండో బంతిలో తింటారు.

పెద్దనాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఉన్న ఒక్క కొడుకు ఈపూరులో తెలుగు మాస్టారు. నేను అన్నయ్య అంటాను. నెమ్మదైన మనిషి, తల్లి మోకాళ్ళ గురించి దిగులు పెట్టుకున్నవాడు. హోటల్‌కు జనం తగ్గుతున్నారు. వంటవాళ్ళు నిలవడం లేదు. హాలు తమకిస్తే బాగుచేసుకుంటామని సెల్‌ఫోన్ షోరూమువాళ్ళు రెండుసార్లు వచ్చి అడిగారు. ఒకరోజు అన్నయ్య నన్ను కిందికి పిలిచి, తల్లి ఎదురుగానే చెప్పాడు.

"ఉగాది దాకా చూద్దామమ్మా. ఈ అమ్మాయి చేత మనకీ మంచి వెబ్‌సైటు చేయిద్దాం. జనం వస్తే సరే. రాకపోతే మూసేసి నువ్వు కాస్త కూర్చో."

"కూర్చుని ఏం జెయ్యాలిరా?" అంది పెద్దమ్మ. "పొద్దున లేచి పొయ్యి ముట్టించకపోతే నేనేం జేస్తా? టీవీలో ఆళ్ళు వండుతుంటే చూస్తా కూచోవాలా? నా కాళ్ళు నొప్పులు పొయ్యి కాడ తెలవవు. మంచం మీద తెలుస్తయ్."

అన్నయ్య నా వైపు తిరిగి, "చెల్లెమ్మా, ముందు పిన్నోళ్ళ సైటు చూడు. మనది దానికన్నా బాగుండాలి" అన్నాడు. పెద్దమ్మ లోపలికి వెళ్ళి, అవసరం లేకపోయినా ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఆమె పొయ్యి ఆరకుండా చూసే బాధ్యత ఇప్పుడు నా లాప్‌టాప్ మీద పడిందని అప్పుడు అర్థమైంది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

పిన్ని సైటు విజయవాడలో ఎవరో చేశారు. తెరవగానే బిర్యానీ మీద నుంచి పొగలు వస్తాయి. పొగ బాగానే చేశాడు, ఒప్పుకోవాలి. బిర్యానీ మాత్రం ఆ హోటల్‌ది కాదు, నెట్‌లో ఎక్కడో దొరికింది. పక్కన ఫోర్కు, చాకు, ఏదో ఆకు. పేటలో ఫోర్కుతో బిర్యానీ తినే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. సైటంతా ఇంగ్లీషే. మూలన ఒక చిన్న బొమ్మ చెయ్యి ఊపుతూ ఏం కావాలో అడగమంటుంది. నాటుకోడి ఉందా అని అడిగితే అడ్రసు చెప్పింది. రేటెంత అని అడిగితే మళ్ళీ అడ్రసే చెప్పింది. ఆ అడ్రసు నొక్కితే వచ్చే మ్యాపులో గుర్తు సరిగ్గా రోడ్డు మధ్య డివైడర్ మీద ఉంటుంది. దాన్ని నమ్ముకుని వచ్చిన పై ఊళ్ళవాళ్ళు కొందరు అక్కడ కాసేపు అయోమయంగా నిలబడి, తాలింపు వాసన ఎటు నుంచి వస్తే అటు వెళ్ళేవారు. ఆ లెక్కన ఆ మ్యాపు వల్ల పెద్దమ్మకే లాభం.

కానీ ప్రచారంలో పిన్నిని కొట్టేవాళ్ళు లేరు. ఆమె కూతురు విజయవాడలో ఉద్యోగం చేస్తూ శని ఆదివారాలు వచ్చి రీల్స్ తీస్తుంది. పుట్టినరోజు ఫొటో పంపితే కేకు ఉచితం. మైకు కట్టిన ఆటో ఒకటి సత్తెనపల్లి రోడ్డు దాకా తిరిగి వస్తుంది. కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళే బస్సులన్నిటికీ మజ్జిగ ప్యాకెట్లు పంచి, వాటి మీద హోటల్ పేరు వేయించింది. రీల్స్‌లో పిన్ని కూడా కనపడుతుంది గానీ నవ్వదు. మాంసం కొట్టే కత్తి పట్టుకుని కెమెరాను అనుమానంగా చూస్తుంది. ఆ చూపు కోసమే చూసేవాళ్ళు చాలామంది ఉన్నారని తర్వాత తెలిసింది.

పెద్దమ్మ ప్రచారం వేరు. రద్దీ లేనప్పుడు గుమ్మంలో నిలబడి పోయేవాళ్ళను "తిన్నావా?" అని అడుగుతుంది. తిన్నానంటే వదిలిపెట్టదు. "ఏం తిన్నావ్?" అంటుంది. ఇంట్లో పప్పుచారు అని ఎవరైనా నిజం చెబితే "ఆదివారం పూట పప్పుచారేందిరా, లోపలికి రా" అని కేకలేస్తుంది. గోంగూర మాంసం పార్సిల్ ఇవ్వదు. ఇంటికి వెళ్ళి చల్లారాక తిని బాగాలేదంటారని భయం. వేడి అన్నంలో ఇక్కడే కూర్చుని తినాలి. ఇవన్నీ నేను పోల్చి కాగితం మీద రాసుకున్నాను. అటువైపు ఉన్నవన్నీ వెబ్‌సైటులో పెట్టగలిగినవి. ఇటువైపు ఉన్నవి ఏవీ పెట్టలేనివి.

పెద్దమ్మ మధ్యాహ్నం రద్దీ తగ్గగానే నన్ను కిందికి పిలిచేది. "ఇయ్యాల అది ఏం ఏసిందో చూపియ్యి." అది అంటే పిన్ని. పిన్ని అని గానీ, పేరు గానీ పలికేది కాదు. నేను ఫోనులో చూపించేదాన్ని. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూసి, "ఇంత నూనె ఏంది? మరిదికి పడదు గదా" అనేది. లేకపోతే "చిక్కిపోయిందే" అనేది. పోటీ సైటును చూసి ఇలా బెంగపెట్టుకునే గిరాకీని నేను మొదటిసారి చూడటం.

పిన్ని సైటులో 'మా గురించి' అనే పేజీ ఉంది. మెస్సు పెట్టిన మొదటి రోజు అన్నం మెత్తబడి ముద్దయిపోతే, పారబొయ్యకుండా పెరుగు కలిపి, ఎండుమిరపకాయలతో తాలింపు వేసి, ఇది మా స్పెషల్ అని పిల్లలకు పెట్టానని అందులో రాసి ఉంది. అది చదివిన మర్నాడే పెద్దమ్మ తన పేజీ కోసం నాకు ఏం చెప్పిందంటే, మెస్సు పెట్టిన మొదటి రోజు అన్నం మెత్తబడిందనీ, తాను పెరుగు కలిపి పిల్లలకు పెట్టాననీ. రెండు కథల్లోనూ వంటింట్లో ఒక్క మనిషే ఉంది.

"అసలు ఎవరు పెద్దమ్మా?" అని అడిగాను.

"అన్నం మెత్తబెట్టింది అది. పెరుగు కలిపింది నేను." కళ్ళజోడు తుడుచుకుంటూ, "తాలింపు ఏద్దామంది మాత్రం అదేలే" అంది. ఇంకాసేపటికి, "అది రాయమాక" అంది.

ఇక మా సైటు ముఖచిత్రం దగ్గరికి వచ్చాం. అది ముగ్గురు కలిసి చేసిన పని. పెద్దమ్మ ఇప్పటి ఫొటో తియ్యనివ్వలేదు. ట్రంకుపెట్టె వెతికి, పెళ్ళయిన కొత్తలో స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో తెచ్చి, "ఇది ఎయ్యి. ఇందులో బాగుంటా" అంది. నిజంగానే బాగుంది. పిన్ని సైటంతా రంగులే కాబట్టి, మనం నలుపు తెలుపులోనే ఉంచుదాం, పాతకాలపు హుందాతనం వస్తుందని నేను అన్నాను. హైదరాబాదులో దీన్ని హెరిటేజ్ లుక్ అంటారు, డబ్బులు తీసుకుని మరీ చేస్తారు. ఫొటోను గుండ్రంగా కత్తిరించాను. అన్నయ్య చూసి, బాగుంది గానీ పండగ కళ లేదు, చుట్టూ బంతిపూలు పెట్టమన్నాడు. పెట్టాను. ఆ పూలొక్కటే రంగులో ఉండి చాలా అందంగా కుదిరింది. కింద రాయాల్సిన రెండు వాక్యాలు తెలుగు మాస్టారుగా అన్నయ్యే రాశాడు: "ఆ చేతి రుచి అజరామరం. ఆ తల్లి దీవెనలు సదా మనతోనే."

ముగ్గురం మురిసిపోయాం. ముగ్గురిలో ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

శనివారం సాయంత్రం సైటు తెరిచాం. అన్నయ్య ఆ ముఖచిత్రాన్ని అలాగే ఫొటో తీసి తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, టీచర్ల గ్రూపులోనూ, చుట్టాల గ్రూపులోనూ వేశాడు. ఆదివారం పొద్దున్నే సంబరంగా మేడెక్కి వచ్చాడు. ఫోను నిండా చేతులు జోడించిన దండాలే. "చూశావా చెల్లెమ్మా, ఎంత ఆదరణో! వినుకొండ పరీక్షల డ్యూటీలో కలిసినాయన కూడా దండం పెట్టాడు" అన్నాడు. ఒక మాస్టారు "ఎప్పుడు?" అని అడిగితే "నిన్న సాయంత్రమే సార్" అని జవాబిచ్చాడు. ఇంకొకాయన "ఏమైనా ఇబ్బంది పడ్డారా?" అంటే "లేదు సార్, అంతా సాఫీగా జరిగిపోయింది" అన్నాడు. మీ వెంట మేమున్నాం, ధైర్యంగా ఉండండి అని ఎవరో రాస్తే, పోటీ సంగతి అందరికీ తెలిసిపోయిందని కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

కింద పెద్దమ్మ తెల్లవారుజాము నుంచి వండుతోంది. కొత్త సైటు చూసి జనం విరగబడతారని రోజూ కంటే ఎక్కువే ఎసరు పెట్టించింది. పదకొండు దాటినా ఇద్దరే వచ్చారు, అదీ మాచర్ల వెళ్ళే లారీవాళ్ళు. రోడ్డు మీద పోయేవాళ్ళు మాత్రం హోటల్ ముందు ఆగి, లోపలికి తొంగి చూసి, తలలు ఊపుకుంటూ వెళ్ళిపోతున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. అంతలో ఎదురుగా పిన్ని రెస్టారెంటు షట్టరు సగం దిగింది. లోపల నుంచి బిర్యానీ డేగిసాలు తెచ్చి ఆటోలోకి ఎక్కిస్తున్నారు. కార్లలో వచ్చినవాళ్ళను వాచ్‌మన్ చేతులూపి వెనక్కి పంపిస్తున్నాడు. తర్వాత షట్టరు పూర్తిగా దిగింది.

కిందికి పరుగెత్తాను. పెద్దమ్మ అప్పటికే గుమ్మంలో గంటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేందే, ఆదివారం పూట షట్టరేసింది? వండిన డేగిసాలు హాస్టలుకు పంపిస్తన్నారంట, ఆటో అబ్బాయి చెప్పాడు. దాని సైటులో ఏముందో చూడు, తొందరగా చూడు."

తెరిచాను. పొగలు లేవు. బిర్యానీ లేదు. నల్లటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు. కుటుంబంలో మరణం కారణంగా పెద్దకర్మ అయ్యేదాకా రెస్టారెంటు మూసి ఉంటుందని, పెళ్ళి ఆర్డర్లు ఇచ్చినవారు మన్నించాలని ఉంది. పేరు లేదు. నేను పైకి చదివాను.

పెద్దమ్మ చేతిలో గంటె కింద పడింది.

"మరిది" అంది. "గుండెకి ఏదో ఏశారంట పోయినేడు. నాకెవురూ చెప్పలా, బజార్లో ఇన్నా. చూడ్డానికి పోవాలనుకుని... పోలా."

ఆ తర్వాత ఆమె చేసినవన్నీ చాలా త్వరగా జరిగాయి. పొయ్యిలు ఆర్పించింది. అన్నదమ్ముల కుటుంబాల్లో ఒక ఇంట్లో చావైతే రెండో ఇంట్లోనూ మైలే, విడిపోయినా సరే, మాటల్లేకపోయినా సరే. అటు వండకూడదు, ఇటూ వండకూడదు. లారీవాళ్ళు లేవబోతే, "మీరు కూచోండయ్యా, తింటన్నోళ్ళు లేవగూడదు. తినే పోండి" అంది. కొత్తగా ఎవరికీ పెట్టొద్దని పనివాళ్ళకు చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి దిగింది. నేను వెనకాలే పరుగెత్తాను. ఆ మోకాళ్ళతో అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు.

డివైడరు మధ్యలో మనుషులు దాటడానికి ఒక సందు ఉంటుంది. మేము ఇటు నుంచి అక్కడికి చేరేసరికి, అటు నుంచి ఒక గుంపు వస్తోంది. ముందు పిన్ని. తలస్నానం చేసిన జుట్టు ఆరకుండా వీపంతా తడిసి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. వెనక కూతురు. కూతురి వెనక, భుజాన తుండుగుడ్డ వేసుకుని, నిక్షేపంగా నడుచుకుంటూ మరిది.

పెద్దమ్మ మరిదిని చూసి ఆగిపోయింది. పిన్ని పెద్దమ్మను చూసి ఆగిపోయింది.

"నువ్వు బాగానే ఉన్నావుగా!" అంది పెద్దమ్మ మరిదితో.

"నాకేమైంది వదినా? నువ్వే గదా..." అని, ఆయన ఆ మాట పూర్తి చేయలేక తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పిన్ని డివైడరు గట్టు మీద కూలబడింది. వెంటనే లేచి వచ్చి పెద్దమ్మ భుజం మీద రెండు చేతులతో బాదడం మొదలుపెట్టింది. "చచ్చిపోయావని తలకి బోసుకుని వస్తన్నా గదే! బతికుండి ఎదురొస్తావా? నీకు బుద్ధుందా అక్కా! నా గుండె ఆగిపోయింది గదా!" అంటూ బాదుతూనే కావిలించుకుంది. మాచర్ల బస్సు ఆగిపోయింది. కండక్టరు దిగి "ఏందమ్మా, ఎవురు పోయారు?" అని అడిగాడు. మరిది తుండుగుడ్డ తియ్యకుండానే పెద్దమ్మ వైపు చెయ్యి చూపించాడు.

వెల్దుర్తి నుంచి వచ్చిన చుట్టాలు సరిగ్గా అప్పుడే ఆటో దిగారు. వాళ్ళలో ఒక పిల్లవాడి చేతిలో పెద్ద గులాబీల దండ. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, "ఎవురికిరా ఆ దండ?" అంది. ఆ పిల్లవాడు దాన్ని వీపు వెనక్కి దాచాడు. అన్నయ్య కిందికి వచ్చేసరికి వెల్దుర్తి పెద్దాయన ఒకరు అతణ్ణి పట్టుకుని ఓదార్చాడు, కళ్ళెదురుగా ఉన్న పెద్దమ్మను ఆయన ఇంకా చూడలేదు.

చివరికి నా ఫోను బయటికి రావాల్సి వచ్చింది. పిన్ని దాన్ని లాక్కుని మా ముఖచిత్రాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"ఇది నువ్వేనా జేసింది?"

"హెరిటేజ్ లుక్ పిన్నీ" అన్నాను.

"పేటలో దీన్ని అట్టా అనరమ్మా. గుండ్రటి ఫొటో, నలుపు తెలుపు, చుట్టూ బంతిపూలు, కింద దీవెనలు సదా మనతోనే అంట. ఒక్క అగరొత్తులు తక్కువ. ఈ రాసిన మాస్టారెవురు?"

అన్నయ్య బస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు.

పెద్దమ్మ మాత్రం ఇంకో సంగతి దగ్గర ఆగిపోయింది. "పెద్దకర్మ దాకా మూస్తానని పెట్టావంట. మాఘమాసం పెళ్ళిళ్ళున్నయ్ గదే నీకు? ఆర్డర్లన్నీ పోతయ్ గదా?"

"పోతే పోతయ్. నీకంటేనా?" అంది పిన్ని, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పెద్దమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నేనూ ఏడ్చాను, పల్నాడు రోడ్డు నడిమధ్య, ఎందుకో నాకే సరిగ్గా తెలియకుండా. ఆర్నెల్లుగా నేను రెండు సైట్లనూ పక్కపక్కన పెట్టి రంగులూ అక్షరాలూ పోల్చాను. అసలు విషయం వాటిలో ఎక్కడా లేదు.

వచ్చిన చుట్టాలు దూరం నుంచి వచ్చారు, ఆకలి మీద ఉన్నారు. పిన్ని దగ్గర వండింది హాస్టలుకు పోయింది. పెద్దమ్మ దగ్గర కూరలు సగం ఉడికి ఉండగానే పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి. తప్పుడు చావుకబురు వస్తే ఆయుష్షు పెరుగుతుందని వెల్దుర్తి ముసలామె ఒకావిడ తేల్చి చెప్పడంతో అందరూ తేలికపడి లోపలికి నడిచారు. పిన్ని తడి జుట్టు ముడేసుకుని ఇన్నేళ్ళ తర్వాత ఆ వంటింట్లో కాలుపెట్టింది. "ఇంకా ఈ సొట్టపోయిన గిన్నెలేనా?" అనేది మొదటి మాట. "నీ సొమ్మేం పోయింది?" అనేది జవాబు. ఉప్పు దగ్గర మళ్ళీ గొడవ పడ్డారు. నాటుకోడి పులుసులో ఒకరు వేశారని తెలియక ఇంకొకరు వేశారు. అందరూ నీళ్ళు తాగుతూ తిన్నారు, ఒక్కరూ పైకి అనలేదు. ఆ రోజు బాగుపడింది వీధి చివర పరోటా బండి ఆయన. ఆయనకు వెబ్‌సైటు కాదు గదా, బోర్డు కూడా లేదు.

తర్వాత కొన్ని వారాలు పెద్దమ్మ హోటల్ కళకళలాడింది. చచ్చి బతికిన ఆవిడ చేతి వంట తిందామని సత్తెనపల్లి నుంచి కూడా వచ్చారు. అన్నయ్య ఫొటో మార్చమంటే నేను మార్చాను గానీ, పాత ఫొటో అప్పటికే నేను ఆపగలిగిన దూరం దాటిపోయింది. నేను చేసిన ఏ సైటుకూ ఇంకెప్పుడూ అంతమంది రాలేదు. కానీ వచ్చినవాళ్ళు చూడటానికి వచ్చారు, చూసి వెళ్ళారు. చలి తగ్గేసరికి జనమూ తగ్గారు. వంట మాస్టారు ఇంకొకడు మానేశాడు. పెద్దమ్మ మోకాలు ఒకరోజు పొయ్యి దగ్గరే పట్టేస్తే ఇద్దరం పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఉగాది వచ్చింది. అన్నయ్య అన్న మాట ప్రకారం హోటల్ మూసేశాడు. అతని మీద నాకు కోపం రాలేదు, రావాలని చాలా ప్రయత్నించాను. నా వెబ్‌సైటు ఓడిపోయింది, ఆ కోపం ఎవరి మీదైనా చూపించాలి కదా. పిన్ని వచ్చి అన్నయ్యతో ఏదో మాట్లాడి వెళ్ళింది. పెద్దమ్మతో ఉప్పు గురించి తప్ప ఎక్కువ మాట్లాడలేదు.

మూసిన మర్నాడే షోరూమువాళ్ళు హాలు కొలతలు తీసుకోవడానికి వస్తే పెద్దమ్మ లోపల ఉండలేకపోయింది. మేడ మెట్ల మీద మొదటి మెట్టు దగ్గర కూర్చుంది. లోపల టేపు లాగుతున్న చప్పుడు వినపడుతోంది. పదకొండయింది. తాలింపు వాసన లేదు. ఆ గదిలోకి వచ్చాక అది లేని రోజు అదే మొదటిది. నేను దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. రోజూ మధ్యాహ్నం చేసే పనే చేశాను. పిన్ని సైటు తెరిచాను.

పొగలు, ఫోర్కు, చెయ్యి ఊపే బొమ్మ అన్నీ అలాగే ఉన్నాయి. వాటన్నిటి పైన మాత్రం కొత్తగా ఒక వరుస, ఆ సైటులో ఎన్నడూ లేని విధంగా తెలుగులో: "రేపటి నుంచి మా అక్క చేతి నాటుకోడి పులుసు, జొన్నరొట్టె. మధ్యాహ్నం మాత్రమే. పార్సిల్ లేదు."

పెద్దమ్మకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"నన్నడగలా" అంది.

"లేదా?"

"ఎవురడిగారు? నన్నడక్కుండా ఊరంతా చాటించిందా? ఎంత పొగరు! మొదట్నించీ అంతే అది."

లోపల నుంచి అన్నయ్య పిలుస్తున్నాడు, ఏదో సంతకం కావాలట. ఆమెకు వినపడలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని లేచింది. మోకాలు ఒక్కసారి మొరాయించింది. అదీ పట్టించుకోలేదు. రోడ్డు అవతల, సగం తీసి ఉన్న షట్టరు వైపు కళ్ళు చికిలించి చూసింది.

"ఫోన్ చేసి, రేపటికి ఎన్ని కోళ్ళు చెప్పిందో కనుక్కో" అంది. "అది ఎప్పుడూ తక్కువే చెబుతది."